పిల్లల పేజీలో ఒక దయ్యం బొమ్మ వెయ్యండి

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఈ ఉత్తరాల శీర్షికలోనే ఒకాయన అపార్టుమెంట్లలో హాలోవీన్ అనే దయ్యాల వేషాల విదేశీ పండగ చేసుకోవడం గురించి గట్టిగా రాశారు. దీపావళి రోజుల్లో ఈ దయ్యాల గోల ఏంటి, మన పిల్లలకు ఈ పిచ్చి ఎవరు అంటించారు అని. ఆయన కోపం నాకు అర్థమైంది, మొన్నమొన్నటి దాకా నాదీ అదే కోపం. నేనిప్పుడు ఆయనతో వాదనకు రావడం లేదు. నాకు మీతో ఒక పని పడింది, ఆ పని చెప్పాలంటే ముందు ఈ దయ్యాల సంగతి కొంత చెప్పాలి, అందుకని ఉత్తరం పొడుగవుతుంది. చోటు చాలకపోతే మధ్యలో ఎక్కడైనా కత్తిరించుకోండి గానీ చివర మాత్రం ముట్టుకోకండి, అసలు సంగతి అక్కడే ఉంది.

మాది అనంతపురం. అక్కడ ఒక ప్రెస్సులో బైండింగు సెక్షన్లో 31 ఏళ్ళు పనిచేశాను. నా బతుకంతా మడతలే. అచ్చయిన పెద్ద షీటును మూడు మడతలు పెడితే 16 పేజీల ఫారం అవుతుంది, ఆ ఫారాలు వరసగా పేర్చి, కుట్టి, అట్ట అంటించి, మూడు పక్కలా కోస్తే పుస్తకం. రోజుకి ఎన్ని ఫారాలు మడిచేవాణ్ణో లెక్కే లేదు, చెయ్యి దాని పని అది చేసుకుపోయేది, నోరు మాత్రం పక్కవాళ్ళతో రాజకీయాలు మాట్లాడేది. రిటైరయ్యాక నేనూ మా ఆవిడా బెంగళూరులో కొడుకు దగ్గరికి వచ్చేశాం, కె.ఆర్.పురం వైపు. మనవరాలికి ఎనిమిదేళ్ళు, మనవడికి ఐదు. ఇద్దరూ ఇంగ్లీషు, కన్నడం, హిందీ దంచేస్తారు. తెలుగు అర్థమవుతుంది గానీ మనం తెలుగులో అడిగితే జవాబు ఇంగ్లీషులో వస్తుంది. చదవడం అయితే బొత్తిగా రాదు. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి సార్, మళ్ళీ వస్తుంది.

పోయిన అక్టోబరులో ఏం జరిగిందంటే, మా అపార్టుమెంట్ వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది, 31వ తేదీ సాయంత్రం పిల్లలంతా వేషాలు వేసుకుని ఇంటింటికీ తిరిగి చాక్లెట్లు అడుగుతారు, ఇష్టమున్నవాళ్ళు గుమ్మానికి ఏదైనా అలంకరణ చెయ్యండి అని. నాకు వెంటనే మా ఊళ్ళో పీర్ల పండగ గుర్తొచ్చింది, పులి వేషం కట్టినవాళ్ళు డప్పులతో ఇంటింటికీ వచ్చేవాళ్ళు, పిల్లలం భయపడుతూనే వెనకాల పరిగెత్తేవాళ్ళం. సరే, మా కోడలు ఆన్‌లైన్లో ఒక కిట్ తెప్పించింది, 399 రూపాయలు. విప్పి చూస్తే గబ్బిలాలు, గుమ్మడికాయలు అన్నీ ముందే కత్తిరించి, రంగులు వేసి, వెనకాల జిగురు కూడా పూసి ఉన్నాయి. పిల్లలకు మిగిలిన పని స్టిక్కరు పీకి తలుపుకి అంటించడం ఒక్కటే. పది నిమిషాల్లో అయిపోయింది. చిన్నోడు ఖాళీ కవరు పట్టుకుని ఇంకేమీ లేదా అన్నట్టు నా వైపు చూశాడు, వాడి మొహం చూస్తే జాలేసింది.

అప్పుడు పై అంతస్తులో ఉండే ఒక అమ్మాయి గ్రూపులో రంగులేసి మడిచే బొమ్మల షీట్లు పెట్టింది. నల్ల గీతల బొమ్మలు, ఎక్కడ కత్తిరించాలో పూర్తి గీత, ఎక్కడ మడవాలో చుక్కల గీత. మావాడు ఓ ఇరవై షీట్లు ప్రింటు తెచ్చాడు, ఎక్కడ తీశాడో నేనడగలేదు. ఆదివారం మధ్యాహ్నం హాల్లో నేల మీద మా ఇద్దరూ, పక్క ఫ్లాట్ల పిల్లలు ఐదుగురూ బోర్లా పడుకుని రంగులు మొదలుపెట్టారు. నేను సోఫాలో కూర్చుని మీ పేపరే చదువుతున్నాను. చదువుతున్నానన్న మాటే గానీ కళ్ళన్నీ వాళ్ళ చేతుల మీదే, ఎందుకంటే ఒక్కడికీ కాగితం మడవడం రాదు!

కాగితం గాల్లో పట్టుకుని మడుస్తున్నారు. మధ్యలో ముందు నొక్కేసి, తర్వాత మూలలు కలుపుదామని చూస్తున్నారు, కలవవు కదా, అప్పుడు మళ్ళీ విప్పి దాని పక్కనే ఇంకో మడత. ఒక్కో గబ్బిలానికి రెక్క మీద నాలుగైదు తప్పుడు గీతలు. ఓపిక పట్టలేక కిందికి దిగాను. ఈ వయసులో మోకాళ్ళు మడవడం కష్టమే, కాగితం మడిచినంత సులువు కాదు. ముందు కాగితం గట్టి నేల మీద పెట్టించాను. మూల మీద మూల పెట్టు, ఎడమ అరచేత్తో అక్కడ కదలకుండా అదుము, ఇప్పుడు కుడిచేతి వేలితో మడత నడిమి నుంచి మొదలుపెట్టి రెండు పక్కలకీ తోసుకుంటూ పో, చివర గోటితో ఒక్క గీత గియ్యి. ప్రెస్సులో గోటికి బదులు నున్నటి వెదురు బద్ద వాడేవాళ్ళం, ఇంట్లో స్టీలు స్పూను వెనక భాగం సరిగ్గా సరిపోతుంది. ఒకసారి అలా గీస్తే ఆ మడత ఇంక మాట వింటుంది, తిరగేసి మడిచినా అదే గీత మీద పడుతుంది. మా మనవరాలు స్పూనుతో గీసి, విప్పి, ఆ తిన్నటి గీత చూసుకుని నవ్విన నవ్వు ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది.

రంగుల దగ్గర ఇంకో గొడవ. స్కెచ్ పెన్నులు వేస్తే ఆఫీసు ప్రింటరు కాగితం పీల్చేసుకుని వెనక్కి దిగిపోయింది, 70 జీఎస్ఎం కాగితం, అంటే చదరపు మీటరు 70 గ్రాములు తూగేది, అంతకన్నా ఏం ఆపుతుంది, మా ఆవిడ గచ్చు మీద ఆరెంజి చుక్కలు చూసి ఎవర్నీ ఏమీ అనలేదు, నన్నే అంది. మైనం క్రేయాన్లు అయితే మడత దగ్గర పొట్టులా రాలిపోతాయి, పైగా నున్నగా అయిపోయి జిగురు అంటదు. పెన్సిల్ రంగులే మేలు. ఇంకొకటి, రంగు ఎప్పుడూ కాగితం పరిచి ఉన్నప్పుడే వెయ్యాలి, మడిచాక వేస్తే పెన్సిలు ఒత్తిడికి మడతలు పక్కకి జరుగుతాయి, పై పొర మీది ముద్ర కింది పొర మీద పడుతుంది. పిల్లలకు ఆగేంత ఓపిక ఉండదు, ముందు ఆకారం చూడాలి వాళ్ళకి. అలాంటివాళ్ళకు నేనొక ఉపాయం చెప్పాను: మడిచి చూడు, విప్పు, రంగు వెయ్యి, మళ్ళీ అదే గీతల మీద మడువు.

అందరికన్నా ఎక్కువ నచ్చింది షీట్లలో లేని బొమ్మ, నోరు తెరిచే దయ్యం. మామూలు ఎ4 కాగితం నిలువుగా పెట్టుకుని, పై అంచును కింది అంచు మీదకి తెచ్చి సగానికి మడవాలి. ఇప్పుడు మీద ఉన్న పొర అంచు ఒక్కటే పట్టుకుని మళ్ళీ పైకి, మడత దాకా తెచ్చి మడవాలి. అంతే, రెండే మడతలు. ఇప్పుడు కంటికి కనిపించేది పైన పావు కాగితం, కింద పావు కాగితం, నడిమి సగం లోపల దాక్కుంది. పై పావులో కళ్ళు, ముక్కు, పై పెదవి, కింది పావులో కింది పెదవి, గడ్డం వేసి, కాగితం పైనా కిందా పట్టుకుని లాగితే మొహం బారెడు సాగుతుంది, ఆ లోపలి చోటంతా నోరు. అందులో కోరలు వేసుకోండి, నాలుక వేసుకోండి, మీ ఇష్టం. పక్క ఫ్లాటు పిల్లవాడు నోట్లో స్కూలు బస్సు వేశాడు. మా చిన్నోడు ఇడ్లీలు వేశాడు, ఎందుకురా అంటే దయ్యానికి టిఫిన్ టైం అన్నాడు.

గుమ్మడికాయ బొమ్మకి మా మనవరాలు చేసిన పని చూస్తే ఉత్తరం రాసిన ఆ పెద్దాయన కూడా నవ్వుకుంటారు. షీటు మీద ఉన్నది అమెరికా గుమ్మడికాయ, ముక్కోణం కళ్ళు, పళ్ళ సందులు. అది మాత్రం రెండు పెద్ద గుడ్లు, మెలితిప్పిన మీసాలు, బయటికి వేలాడే ఎర్ర నాలుక గీసి పెట్టింది. అచ్చం మా వీధి చివర కట్టే బిల్డింగుకి వేలాడదీసిన దిష్టి బొమ్మ! దానికి గుమ్మడికాయ మొహం అంటే అదే తెలుసు. బెంగళూరులో ఆయుధ పూజ మర్నాడు రోడ్డు మీద నడిచినవాళ్ళకి ఎవరికైనా తెలుసు కదా, కూడలి కూడలికీ కుంకుమ పూసి పగలగొట్టిన బూడిద గుమ్మడికాయ ముక్కలే, టూవీలర్ల వాళ్ళు జారి పడకుండా ఇంటికి చేరితే అదృష్టం. ఐర్లండులో మొదట ముల్లంగి జాతి దుంపని తొలిచి మొహం చెక్కి లోపల దీపం పెట్టేవాళ్ళట, అమెరికా వలస పోయాక అక్కడ గుమ్మడికాయలు పెద్దవిగా, తొలవడానికి సులువుగా దొరికేసరికి దానికి మారారు. వాళ్ళదీ దుష్టశక్తుల్ని గుమ్మం దాటనివ్వకూడదన్న భయమే, మనదీ అదే. వాళ్ళు లోపల దీపం పెడతారు, మనం పైన సున్నమూ కుంకుమా పూస్తాం.

ఇప్పుడు అసలు సంగతి. రెండో ఆదివారానికి నేను గమనించింది ఏంటంటే, మడతలు పెట్టేటప్పుడు ఆ పిల్లలు నాతో తెలుగులో మాట్లాడుతున్నారు. నాకు ఇంగ్లీషులో చెప్పడం రాదు, అందుకని మూల, అంచు, మొన, మడత, తిప్పు, విప్పు, అదుము, లోపలికి, బయటికి, నిలువు, అడ్డం అని తెలుగులోనే చెప్పుకుంటూ పోయాను. చేత్తో చేస్తూ విన్న మాట కదా, అర్థం అడగాల్సిన పని లేదు. మొన అంటే ఏంటో వేలికి గుచ్చుకుంటే తెలిసిపోతుంది. "తాతా, ఇక్కడ గోటితో గియ్యాలా, స్పూనుతోనా?" అని మా మనవరాలు అడిగినప్పుడు వంటింట్లోంచి మా కోడలు బయటికి తొంగి చూసింది. ఆ పిల్ల నోట ఇంగ్లీషు ముక్క లేకుండా ఒక పూర్తి తెలుగు వాక్యం మేమంతా అప్పుడే విన్నాం. పక్క ఫ్లాటు పిల్లవాళ్ళలో ఒకడు తమిళ పిల్లాడు, వాడు కూడా ఇప్పుడు లిఫ్టులో కనిపిస్తే "తాతా, మడత?" అంటాడు.

కానీ చదవడం దగ్గరికి వచ్చేసరికి బండి ఆగిపోయింది. దానికీ ఒక కథ ఉంది. మా ఆవిడ పిల్లలకు దయ్యం కథలు చెబుతూ, 1990ల్లో మా వైపు ఇళ్ళ తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసుకున్న సంగతి చెప్పింది. అదే రోజుల్లో ఇక్కడ బెంగళూరులో కన్నడంలో "నాళె బా" అని రాసేవాళ్ళు, అర్థం అదే, రేపు రా అని. రాత్రిపూట ఆడదయ్యం వచ్చి తెలిసినవాళ్ళ గొంతుతో పిలుస్తుంది, తలుపు తీస్తే అంతే సంగతులు, కానీ తలుపు మీద రేపు రా అని ఉంటే చదువుకుని వెనక్కి పోతుంది, మర్నాడు వచ్చి మళ్ళీ అదే చదువుకుని మళ్ళీ పోతుంది. పాపం, తిరగలేక చచ్చి ఉంటుంది, ఇంకోసారి. పిల్లలు పడీపడీ నవ్వి, మన తలుపు మీద కూడా రాద్దాం అన్నారు. మా మనవరాలు కన్నడంలో "నాళె బా" చకచకా రాసేసింది, స్కూల్లో నేర్పారు. తెలుగులో రాయమంటే పెన్సిలు పట్టుకుని నా మొహం చూసింది. మా కాలంలో దయ్యాలకు కూడా తెలుగు చదవడం వచ్చు సార్! మా ఇంట్లో మూడో తరానికి అది కూడా లేదు.

అందుకని మిమ్మల్ని అడిగేది ఒక్కటే. మీ ఆదివారం పిల్లల పేజీలో, కనీసం బెంగళూరు ఎడిషన్లో, అక్టోబరు 31 లోపల ఒక రంగులేసి మడిచే బొమ్మ వెయ్యండి. దయ్యమైనా సరే, నల్లపిల్లి అయినా సరే, మీసాల గుమ్మడికాయ అయినా మరీ మంచిది. పక్కన మెట్లు తెలుగులో, పెద్దక్షరాల్లో, చిన్న చిన్న మాటల్లో ఉండాలి. బొమ్మ పూర్తి కావాలంటే ఆ మాట చదివి తీరాలి, పుస్తకంలో అ అమ్మ ఆ ఆవు చదవమంటే ఒక చోట కూర్చోలేని పిల్లలు దీనికి కూర్చుంటారు, నేను చూశాను. మీకు రాసేవాళ్ళు దొరక్కపోతే పిల్లి మొహానికి నేనే రాసి పెడుతున్నాను, వాడుకోండి: "చదరం కాగితం తీసుకో. మూల మీద మూల పెట్టి మడువు. పొడుగు అంచు నీ వైపు పెట్టుకో. పై మొనను కొంచెం కిందికి మడువు. రెండు పక్కల మూలలను పైకి మడువు, అవే చెవులు. ఇప్పుడు తిప్పు. కళ్ళు వెయ్యి. మీసాలు వెయ్యి." ఇంతే.

అచ్చువేసే విషయంలో పాత ప్రెస్సు మనిషిగా కొన్ని మాటలు, ఏమీ అనుకోకండి. న్యూస్‌ప్రింటు పల్చన, 45 జీఎస్ఎం అటూ ఇటూ ఉంటుంది, కాబట్టి రంగు పెన్సిళ్ళే వాడమని పైనే రాయండి. బొమ్మ గీతలు లావుగా ఉండాలి, లోపల బూడిద రంగు నింపొద్దు, పిల్లలు వేసే రంగు మురికిగా కనిపిస్తుంది. బొమ్మ వెనక పేజీలో దట్టమైన నల్ల యాడ్ వెయ్యకండి, లేకపోతే దయ్యం పొట్టలో మూడు పడగ్గదుల ఫ్లాట్ల ధరలు కనిపిస్తాయి. అన్నిటికన్నా ముఖ్యం, ముఖ్యమైన మడత నిలువుగా వచ్చేట్టు చూడండి. కాగితానికి నార ఉంటుంది, నార వెంట మడిస్తే మెత్తగా పడుతుంది, అడ్డంగా మడిస్తే మొండికేస్తుంది. నమ్మకపోతే చదివేసిన మీ పేపరే పైనుంచి కిందికి చింపి చూడమనండి, తిన్నగా చిరుగుతూ వస్తుంది, అదే అడ్డంగా చింపితే వంకరటింకరగా ఎటో పోతుంది. మా పిల్లలు ఇది చూసి ఆ రోజు పేపరంతా చింపి పెట్టారు, నేనింకా మూడో పేజీ చదవనే లేదు.

కిందటేడు మా లిఫ్టు దగ్గర ఒక నాన్నగారు ఇదంతా టైంపాస్ అంకుల్, దీనికన్నా లెక్కలు చేయించండి అన్నారు. ఆయనకి అప్పుడు చెప్పలేకపోయింది ఇక్కడ చెబుతాను. మా ప్రెస్సుకు ఒకసారి కాలేజీ లైబ్రరీ పాత పుస్తకాలు రీబైండింగుకి వచ్చాయి. అందులో ఒకటి కాగితం మడతలతో జామెట్రీ నేర్పేది, ఇంగ్లీషు పుస్తకం, నాకు బొమ్మలే అర్థమయ్యాయి. మా మేనేజరు గారు చదివి చెప్పారు, అది టి. సుందర రావు అనే ఆయన 1893లో మద్రాసులో అచ్చు వేయించిన పుస్తకమట, ఆ పుస్తకానికి ఆలోచన ఎక్కడ దొరికిందో ఆయనే ముందుమాటలో రాసుకున్నారట, చిన్నపిల్లల కిండర్‌గార్టెన్ ఆటవస్తువుల్లో వచ్చే 200 రంగు కాగితాల పెట్టె చూసి అని. కిండర్‌గార్టెన్ అన్న పేరు పెట్టిన ఫ్రోబెల్ కాగితం మడతను అలా పిల్లల పాఠాల్లోనే పెట్టాడు. చదరాన్ని మూల నుంచి మూలకు మడిస్తే ఏమొస్తుందో మా మనవరాలికి తెలుసు, 45 డిగ్రీలు అన్న పేరు స్కూల్లో తర్వాత చెబుతారు, తొందరేముంది.

కాగితానికి ఖర్చు కూడా పెద్దగా లేదు. నేను మెట్రో ఎక్కి మెజెస్టిక్‌లో మారి చిక్‌పేటలో దిగి అవెన్యూ రోడ్డుకి నడిచిపోతాను, నాకు ఆ కాగితం వాసన మధ్య తిరగడం ఇష్టం, అది వేరే సంగతి. ఆ కిట్ డబ్బుతో ఎ4 కాగితాలు ఒక రీము, 500 షీట్లు వచ్చాయి. కిందటేడు నవంబర్ 1కి కన్నడ రాజ్యోత్సవానికి అందులోవే పసుపు, ఎరుపు జెండాలు చేశారు పిల్లలు, దయ్యాలు తీసిన దారానికే అవి తగిలించారు. ఎ4 నుంచి చదరం తీశాక మిగిలే పట్టీలు కూడా పారేయనివ్వను, పుస్తకాల్లో గుర్తుకి పెట్టుకోమంటాను.

ఈ ఉత్తరంతో పాటు కవర్లో ఒక నల్లపిల్లి మొహం పెట్టాను, మా మనవరాలు మడిచింది, కింద "పిల్లి" అని తెలుగులో రాసింది తనే. ల కింద వత్తు కాస్త పక్కకి పోయింది, దిద్దబోతే ఒప్పుకోలేదు. పోస్టులో చెవులు నలిగి ఉంటే స్పూను వెనక భాగంతో ఒక్కసారి గీయండి, మళ్ళీ లేస్తాయి.

ఇట్లు,
ఒక పాత బైండరు,
కె.ఆర్.పురం, బెంగళూరు